డెకోరా చూడబోయే మన జిల్లాల తల్లిదండ్రులకు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు సాధారణంగా నయాగరా జలపాతం, న్యూయార్క్, వాషింగ్టన్ చూసి, నాలుగు గుళ్లు తిరిగి, పిల్లల ఇంట్లో మిగిలిన రోజులు లెక్కపెట్టుకొని వస్తారు. మీ పిల్లలు మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపోలిస్‌లోనో, మేయో క్లినిక్ ఉన్న రోచెస్టర్‌లోనో ఉంటే మాత్రం, రెండు రోజులు కేటాయించి అయోవా రాష్ట్రపు ఈశాన్య మూలన ఉన్న డెకోరా అనే చిన్న పట్టణాన్ని చూసి రమ్మని నా సలహా. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊరిలో ఉన్నది 7,587 మంది. మన దగ్గర అంతమంది ఉన్న ఊరిని పంచాయతీ అంటాము. అక్కడ అదే విన్నెషీక్ కౌంటీకి పాలనా కేంద్రం, ఒక కళాశాలకు నెలవు, నార్వే నుంచి వలస వచ్చినవారి జ్ఞాపకాలను దాచిన జాతీయ స్థాయి మ్యూజియానికి చిరునామా.

ఈ ఊరినే ఎందుకు చూడాలన్న ప్రశ్నకు నా దగ్గర ఉన్న సమాధానం ఒక్కటే. మనవి వలస జిల్లాలు. మా తాతల కాలంలో కూలి కోసం రంగూన్ వెళ్లడాన్ని "రంగం వెళ్లడం" అనేవారు. ఇప్పటికీ ఇచ్ఛాపురం నుంచి పాలకొండ దాకా ఏ ఊరికి వెళ్లినా చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఓడ మీదో ఒక మనిషి లేని ఇల్లు తక్కువ. ఊరు విడిచినవారు ఏమి పట్టుకెళ్తారు, ఏమి వదిలేస్తారు, మూడో తరానికి ఏమి మిగులుతుంది అన్నది మనకు పుస్తకాల్లో చదివి తెలుసుకునే విషయం కాదు. ఆ కళ్లతో చూస్తే డెకోరాలోని ప్రతి పెట్టె, ప్రతి చెంచా మనతో మాట్లాడుతుంది. ఆ దృష్టి లేకుండా వెళితే అది నాలుగు దుకాణాలున్న ఒక వీధి మాత్రమే.

వెళ్లే ముందు కొంచెం చరిత్ర తెలిసి ఉండటం మంచిది. 1825 జూలైలో నార్వేలోని స్టావాంగర్ రేవు నుంచి "రెస్టొరేషన్" అనే చిన్న తెరచాప ఓడలో 52 మంది బయలుదేరారు. దారిలో ఒక బిడ్డ పుట్టడంతో అక్టోబరులో న్యూయార్క్ చేరేసరికి వారు 53 మంది అయ్యారు. అక్కడి నుంచి మొదలుకొని సుమారు నూరేళ్ల కాలంలో 8 లక్షలకు పైగా నార్వే ప్రజలు అమెరికాకు వచ్చారు. కొండలు, సముద్రపు పాయలు నిండిన ఆ దేశంలో సాగుకు పనికివచ్చే నేల చాలా తక్కువ. ఉన్న కాస్త పొలమూ సాధారణంగా పెద్ద కొడుకుకు దక్కేది. పెరుగుతున్న జనాభాలో తక్కిన పిల్లలకు కౌలు బతుకో, కూలి బతుకో, ఓడ ప్రయాణమో మిగిలేవి. అమెరికా పడమటి మైదానాల్లో నేల చవకగా దొరుకుతుందన్న ఉత్తరాలు ఇంటింటికీ చేరిన తరువాత ఓడలు నిండాయి.

అయితే ఆ నేల ఖాళీగా ఉన్న నేల కాదు. డెకోరా అన్న పేరే హో-చంక్ అనే మూలవాసీ జాతి నాయకుడు వాకన్ డెకోరాది. ఆ జాతిని ప్రభుత్వం 1848లో అక్కడి నుంచి తరలించింది. మరుసటి సంవత్సరం, 1849లో, డే అనే కుటుంబం వచ్చి స్థిరపడింది. 1850 తరువాత నార్వే వారి రాక పెరిగింది. పేరు ఉండి మనుషులు లేకపోవడం గమనించకుండా ఆ ఊరిని పూర్తిగా చూసినట్టు కాదని నేను అనుకుంటాను.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

విజిటర్ వీసా, విమాన టికెట్ల సంగతి పిల్లలు చూసుకుంటారు కనుక ఇక్కడ విస్తరించను. మీరు గుర్తుంచుకోవలసినది ఒక్కటే: ఎంతకాలం ఉండవచ్చో చెప్పేది పాస్‌పోర్టులో అంటించిన వీసా గడువు కాదు, అక్కడ దిగినప్పుడు ఇచ్చే ఐ-94 నమోదులోని తేదీ. విశాఖపట్నం నుంచి ఏ దారిలో వెళ్లినా చివరకు మిన్నియాపోలిస్‌లోనో షికాగోలోనో దిగుతారు.

మిన్నియాపోలిస్ నుంచి డెకోరాకు కారులో దాదాపు మూడు గంటలు, రోచెస్టర్ నుంచి గంటా పావు పడుతుంది. రెండు చోట్ల నుంచీ దారి ఒకటే, 52వ నంబరు జాతీయ రహదారి. మన కాంప్లెక్సులో నిలబడితే దొరికినట్టు బస్సు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఆ ఊరికి రైలు కూడా లేదు. అందువలన పిల్లలకు సెలవు ఉన్న రోజుల్లోనే ఈ ప్రయాణం పెట్టుకోవాలి.

దారిలో, మిన్నెసోటా సరిహద్దు దాటకముందు, హార్మొనీ అనే ఊరి పరిసరాల్లో ఆమిష్ మతస్థులు నివసిస్తారు. వారు కారు వాడరు, గుర్రపు బండ్లలో తిరుగుతారు. కొండ మలుపు తిరగగానే మన జట్కాను పోలిన నల్లని బండి ఎదురుగా నెమ్మదిగా వెళుతూ కనిపించవచ్చు కనుక కారు నడిపేవారిని వేగం తగ్గించమని ముందే హెచ్చరించండి. వారి ముఖాలకు ఫోను ఎక్కుపెట్టి ఫొటోలు తీయడం వారికి ఇష్టం ఉండదు. దూరం నుంచి చూసి సాగిపోవడమే మర్యాద.

కాలం విషయానికి వస్తే, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు 10, 15 డిగ్రీలు దిగువకు పోవడం మామూలు. మన చలికాలపు శాలువా అక్కడ చేతి రుమాలుతో సమానం. మే చివర నుంచి అక్టోబరు నడుమ దాకా మనవారికి అనుకూలమైన కాలం. అందులోనూ ఆకులు ఎర్రబడే అక్టోబరు మొదటి రెండు వారాలు నాకు అన్నిటికన్నా నచ్చాయి.

జూలై చివరి పూర్తి వారాంతంలో నార్డిక్ ఫెస్ట్ అనే మూడు రోజుల ఉత్సవం జరుగుతుంది. 1967 నుంచి జరుపుతున్న ఈ ఉత్సవంలో ఊరేగింపు, జానపద నృత్యాలు, బునాద్ అనే సంప్రదాయ దుస్తుల్లో తిరిగే పిల్లలు, పెద్దలు, చేతిపనుల ప్రదర్శనలు, బండరాయి విసిరే పోటీ ఉంటాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసినవారికి ఆ జనం జనంలా కనిపించరు గానీ, ఊరు చిన్నది కనుక గదులు మాత్రం నెలల ముందే నిండిపోతాయి. మేము మొదటిసారి ఆ సంగతి తెలియక సరిగ్గా అదే శుక్రవారం బయలుదేరి, ఊరంతా తిరిగి గది దొరకక, రాత్రి పది గంటలకు గంట ప్రయాణం అవతల ఇంకో ఊరిలో పడుకున్నాము. ఉత్సవమే చూడదలచుకుంటే వసంతకాలంలోనే గది మాట్లాడుకోవాలి. ఊరిని, మ్యూజియాన్ని నిదానంగా చూడదలచుకుంటే ఆ వారాంతాన్ని తప్పించుకోవాలి. నడవలేని పెద్దలు ఉన్నవారికి నా ఓటు రెండోదానికే.

వెస్టర్‌హైమ్: మొదటి రోజు అంతా ఇక్కడే

ఊరిలో ప్రధాన వీధి పేరు వాటర్ స్ట్రీట్. దాని మీద ఉన్న వెస్టర్‌హైమ్ మ్యూజియానికి కనీసం నాలుగు గంటలు కేటాయించండి. వెస్టర్‌హైమ్ అంటే పడమటి ఇల్లు అని అర్థం. 1861లో నార్వే వలసదారులు స్థాపించి, మరుసటి ఏడు డెకోరాకు తరలించిన లూథర్ కళాశాలలో 1877లో మొదలైన సేకరణే ఈ మ్యూజియంగా ఎదిగింది. వలస వచ్చినవారు తమ పాత సామాను గొప్పతనాన్ని గుర్తించడానికి సాధారణంగా రెండు మూడు తరాలు పడుతుంది, అప్పటికి సగం వస్తువులు పాత ఇనుముకు పోతాయి. వీరు మాత్రం ఓడలు ఇంకా వస్తుండగానే దాచడం మొదలుపెట్టారు. పక్కనే 2023లో తెరిచిన కొత్త కట్టడానికి రూపకల్పన చేసినది ఓస్లో నగరపు ఒపెరా భవనాన్ని నిర్మించిన స్నోహెట్టా సంస్థ.

లోపలికి వెళ్లగానే అన్నిటినీ చూడాలన్న ఆత్రం మానుకొని, ముందుగా వలసదారుల పెట్టెల దగ్గర నిలబడండి. ఓడ ఎక్కే కుటుంబం తన సమస్త సంపదను సర్దుకున్న చెక్కపెట్టెలు అవి. వాటి మీద యజమాని పేరు, సంవత్సరం రాసి, పువ్వులు, తీగలు రంగుల్లో వేసి ఉంటాయి. మా ఇంటి అటక మీద రంగం నుంచి వచ్చిన ఇనప ట్రంకు పెట్టె ఒకటి చాలాకాలం ఉండేది. మూత మీద తెల్ల రంగుతో రాసిన పేరులో సగం అక్షరాలు రాలిపోయి ఉండేవి. అందువలన ఆ పెట్టెల ముందు నాకు అరగంట పట్టింది, మా అల్లుడికి అయిదు నిమిషాలు పట్టింది. అతనిది పూర్తిగా మరో రకం ప్రయాణం, చక్రాల సూట్‌కేసుది.

పెట్టెల మీద కనిపించే ఆ పూల చిత్రకళను రోజ్‌మాలింగ్ అంటారు. ఇంగ్లీషు సి అక్షరంలా వంగిన తీగలు, ఒకదానిలోంచి ఒకటి పుట్టే ఆకులు దాని గుర్తు. మ్యూజియం ఇప్పటికీ ఈ కళను, చెక్కపనిని, నేతను తరగతులు పెట్టి నేర్పుతుంది. నేత విభాగంలో రాట్నాలు, ఉన్నిని ఏకే పనిముట్లు చూసినప్పుడు, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని నూలు వడికే మన పొందూరు ఖాదీ సంగతి అక్కడివారికి తప్పక చెప్పండి. నేను ఫోనులో ఫొటో చూపించి చెప్పాను. అక్కడ ఉన్న పెద్దావిడ చేప దవడ అన్న మాట దగ్గర ఆగిపోయి, మరో ఇద్దరిని పిలిచి నాతో మళ్లీ చెప్పించింది.

సంగీతం మీద ఆసక్తి ఉన్నవారు హార్డాంగర్ ఫిడేలు కోసం చూడాలి. చూడటానికి మన కచేరీలలో వాయించే వయొలిన్ లాగానే ఉంటుంది గానీ, కమానుతో వాయించే నాలుగు తీగలకు కింద మరో నాలుగైదు తీగలు ఉంటాయి. వాటిని ఎవరూ తాకరు, పై తీగలు పలికినప్పుడు అవి వాటంతటవే కంపించి నాదానికి నిండుదనాన్ని ఇస్తాయి. ముత్యపు చిప్ప పొదిగిన ఆ వాయిద్యానికి కొసన చాలాసార్లు సింహం తల చెక్కి ఉంటుంది. బొబ్బిలి వీణ కొసన ఉండే యాళి ముఖాన్ని ఎరిగిన మనకు అది కొత్తగా అనిపించదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊరివారమని చెప్పుకునే విజయనగరం వాళ్లు ఆ అద్దాల పెట్టె ముందు కాసేపు ఆగకుండా రావడం భావ్యం కాదు.

మరో చోట 25 అడుగుల తెరచాప పడవ ఉంటుంది. దాని పేరు ట్రేడ్‌విండ్. హరాల్డ్, హాన్స్ హామ్రన్ అనే అన్నదమ్ములు 1933లో ఆ పడవ మీదే అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి వచ్చారు. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో తెప్పలు, పడవలు చూసి పెరిగినవారు దాని పొడవును అడుగులతో కొలిచి చూసుకుంటే ఆ సాహసం పరిమాణం తెలుస్తుంది.

భవనం చూసిన తరువాత ఆరుబయట ఉన్న పాత కట్టడాల దగ్గరకు వెళ్లండి. అలాంటివి అక్కడ పన్నెండు ఉన్నాయి. వాటిలో చిన్నదైన ఎగ్గె-కోరెన్ ఇంటిని మాత్రం వదలకండి. దుంగలతో కట్టిన ఆ ఒంటిగది ఇంట్లో 1853 చివరి నుంచి కొన్ని నెలలపాటు ఎగ్గె కుటుంబం, నార్వే నుంచి అప్పుడే వచ్చిన పాదిరి కోరెన్, ఆయన భార్య ఎలిసబెత్ కలిసి, నడుమ పరదా కట్టుకొని బతికారు. ఎలిసబెత్ కోరెన్ ఆ రోజుల గురించి రాసుకున్న డైరీ తరువాత పుస్తకంగా వచ్చి, ఆ తరపు స్త్రీల జీవితానికి ముఖ్యమైన సాక్ష్యంగా నిలిచింది. చదువుకున్న ఇంటి నుంచి వచ్చిన కొత్త కోడలు అయోవా చలికాలాన్ని అంత చిన్న గదిలో పరాయివారితో పంచుకోవడం ఎలా ఉంటుందో, అద్దె ఇళ్లలో వాటాలు పంచుకున్న మనకు కొంతవరకైనా ఊహకు అందుతుంది.

మ్యూజియం తెరిచి ఉండే రోజులు, వేళలు కాలాన్నిబట్టి మారతాయి. ఆరుబయటి ఇళ్లు చలికాలంలో చూడటానికి వీలు కాకపోవచ్చు. బయలుదేరే ముందు పిల్లలను వారి వెబ్‌సైటులో చూడమనాలి.

వాటర్ స్ట్రీట్, భాష, పలకరింపు

సాయంత్రం వాటర్ స్ట్రీట్ మీద నడవండి. 1905లో తెరిచిన హోటల్ విన్నెషీక్ ఈ వీధిలోనే ఉంది. 1874లో బ్రునిల్డ్ అనుండ్‌సెన్ ఈ ఊరిలో మొదలుపెట్టిన "డెకోరా పోస్టెన్" అనే నార్వేజియన్ వార్తాపత్రిక 1972 దాకా, అంటే 98 సంవత్సరాలు నడిచింది. పరాయి దేశంలో, పరాయి భాష నడుమ, ఒక చిన్న ఊరి పత్రిక అన్నేళ్లు మాతృభాషలో బతకడం మాటలు కాదు. అది ఆగిపోయిన కారణం కూడా మనకు పరిచితమే: చదివే తరం వెళ్లిపోయింది, తరువాతి తరానికి మాటలు మాత్రం మిగిలాయి.

ఆ మిగిలిన మాటలు మీ చెవిన పడతాయి. "వెల్కొమెన్" అంటే స్వాగతం, "టక్" అంటే ధన్యవాదాలు. "ఉఫ్ డా" అన్నది అన్నిటికన్నా ఉపయోగకరం. బరువు ఎత్తినప్పుడు, చలి వేసినప్పుడు, ధర విన్నప్పుడు మనం "అమ్మో" అనే చోటల్లా వారు అది అంటారు. మే 17న, 1814లో నార్వే రాజ్యాంగం వచ్చిన రోజును, అక్కడివారు ఇప్పటికీ పండుగగా తలచుకుంటారు. 2011లో నార్వే రాజు అయిదవ హరాల్డ్, రాణి సోన్యా స్వయంగా ఈ ఊరికి వచ్చారు.

ఎదురైనవారు చిరునవ్వుతో తల ఊపుతారు. మీరూ అలాగే చేస్తే చాలు. మీది ఏ ఊరని అడిగితే విజయనగరమని చెప్పి, బంగాళాఖాతపు తీరానికి దగ్గరలో ఉన్న పాత సంస్థానమని ఒక ముక్క చేర్చండి. వయసు, జీతం, పిల్లల పెళ్లిళ్ల ప్రశ్నలు మన వైపు ఆప్యాయతే అయినా అక్కడ ఇబ్బంది కలిగిస్తాయి.

తిండి

ఈ విషయంలో మనవారికి భయం ఎక్కువ కనుక కొంచెం వివరంగా చెబుతాను. నార్వే సంప్రదాయ వంటల్లో శాకాహారులకు మొదటి నేస్తం లెఫ్సె. ఉడికించిన బంగాళదుంపను మెత్తగా మెదిపి, మైదా, వెన్న లేదా మీగడ కలిపి, గాళ్లు ఉన్న అప్పడాల కర్రతో కాగితంలా పలుచగా వత్తి, పెద్ద పెనం మీద కాల్చే రొట్టె అది. పొడవాటి పలుచని బద్దను కిందికి పోనిచ్చి తిప్పడంలోనే నేర్పంతా ఉంది. దాని మీద వెన్న రాసి, పంచదార చల్లి, చుట్టి తింటారు. మా ఇంటావిడ తన సంచిలోని నిమ్మకాయ ఊరగాయతో తిని, అలాగే బాగుందని తేల్చింది. నాకు ఆ తీర్పు మీద అప్పీలు లేదు. పుల్లని మీగడతో చేసే రొమ్మెగ్రోట్ అనే జావను కరిగించిన వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి వేసి ఇస్తారు. అది బరువైన పదార్థం, చిన్న గిన్నెతో ఆపాలి.

మీరు నిజంగా ఆశ్చర్యపోయేది రోజెట్‌ల దగ్గర. పొడవాటి కాడకు బిగించిన ఇనప అచ్చును నూనెలో కాచి, పలుచని పిండిలో ముంచి, తిరిగి నూనెలో పెట్టి, పువ్వు విడిపోగానే తీస్తారు. అచ్చంగా మన గులాబీ పువ్వులే, సంక్రాంతికి మన ఇళ్లల్లో చేసేవే. అచ్చు ఒకటే, పద్ధతి ఒకటే; ఎక్కడి నుంచి ఎక్కడికి ప్రయాణించిందో అక్కడ నన్ను అడిగినవారికి చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. అయితే వారి పిండిలో కోడిగుడ్డు ఉంటుంది, కొందరు పంది కొవ్వులో వేయిస్తారు. క్రుమ్‌కాకె అనే గొట్టంలా చుట్టిన పలుచని బిస్కెట్టులోనూ గుడ్డు ఉంటుంది. నియమం ఉన్నవారు అడిగి తినాలి. అడిగితే దాచకుండా చెబుతారు.

లూటెఫిస్క్ గురించి రెండు మాటలు. నార్వే ఉత్తర తీరంలో కాడ్ చేపను ఉప్పు వేయకుండా చల్లగాలికే ఎండబెడతారు. కర్రలా బిగిసిన ఆ ఎండుచేపను క్షారపు నీటిలో నానబెట్టి, తరువాత మంచినీటిలో రోజుల తరబడి కడిగి వండితే జున్నులా వణికే ముద్ద అవుతుంది. ఎండుచేపల వాసనతో పెరిగిన మన తీరంవారు ధైర్యంగా ప్రయత్నించవచ్చు, కానీ వంకాయతో కలిపి వండిన మన ఎండుచేపల పులుసును తలచుకుంటూ నోట్లో పెట్టుకుంటే నిరాశ తప్పదు. ఆ వంటలో కారం లేదు, పులుపు లేదు. ఉన్నదల్లా కరిగించిన వెన్న.

రోజువారీ భోజనానికి వాటర్ స్ట్రీట్ మీద ఉన్న ఒనియోటా కమ్యూనిటీ కోఆప్ దుకాణంలో కూరగాయల వంటకాలు, పళ్లు, పెరుగు దొరుకుతాయి. మేబ్స్ అనే పాత పిజ్జా దుకాణం పిల్లలకు నచ్చుతుంది. రాత్రికి అన్నం లేనిదే నిద్రపట్టనివారు చిన్న రైస్ కుక్కరు, ఒక సీసా కందిపొడి కారులో పెట్టుకోవడం ఉత్తమం. అక్కడి భోజనశాలలు రాత్రి తొందరగా మూసేస్తారు, ఆదివారం కొన్ని తెరవరు. బిల్లు మీద రాష్ట్ర అమ్మకపు పన్ను 6 శాతం, దానిపై స్థానిక పన్ను కలుస్తాయి. వడ్డించినవారికి 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ.

రెండో రోజు: నీరు, మంచు, విత్తనాలు

అయోవా, మిన్నెసోటా లాంటి రాష్ట్రాలున్న మిడ్‌వెస్ట్ ప్రాంతం అంటే బల్లపరుపు మొక్కజొన్న పొలాలేనని విని వెళ్లినవారికి డెకోరా పరిసరాల కొండలు వింతగా తోస్తాయి. గడచిన మంచుయుగంలో హిమానీనదాలు ఈ ప్రాంతాన్ని కప్పి చదును చేయకుండా వదిలేశాయి. అందువలన సున్నపురాతి కొండచరియలు, గుహలు, ఊటలు మిగిలాయి. బొర్రా గుహలు చూసినవారికి సున్నపురాయిని నీరు ఎలా తొలుస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడా జరిగింది అదే.

ఊరి నడిబొడ్డు నుంచి అప్పర్ అయోవా నది దాటగానే డన్నింగ్స్ స్ప్రింగ్ ఉంది. కొండలోంచి పుట్టిన ఊట అంచెలంచెలుగా 200 అడుగుల మేర కిందికి దూకుతుంది. కింది భాగం కారు ఆపే చోటుకు దగ్గరే కనుక మోకాళ్ల నొప్పులవారికీ ఇబ్బంది ఉండదు. పైకి ఎక్కే మెట్లు మాత్రం తడిగా ఉంటాయి.

దానికి సమీపంలోనే మంచు గుహ ఉంది. బయట వేసవి ఎండ కాస్తున్నా లోపల గోడలకు మంచు పట్టి ఉండటం దాని ప్రత్యేకత. కారణం ఇది: చలికాలపు బరువైన చల్లగాలి గుహ అడుగుకు దిగి రాతిని లోతుగా చల్లబరుస్తుంది, వసంతంలో పైన కరిగిన నీరు పగుళ్ల గుండా కారి, ఇంకా గడ్డకట్టే చలిలో ఉన్న ఆ రాతిని తాకగానే మంచు అవుతుంది, రాయి నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక ఆ మంచు వేసవి చివరి దాకా కరగదు. అంటే మన పండక్కి గాక మన రోహిణి కార్తెకు అక్కడ మంచు నిండుగా ఉంటుంది. జారని అడుగు ఉన్న బూట్లు, చేతిలో టార్చిలైటు, ఒక స్వెట్టరు తప్పనిసరి. చెప్పులతో, చీర కుచ్చిళ్లతో దిగవద్దు.

నడవగలిగినవారికీ, సైకిలు తొక్కగలిగినవారికీ ట్రౌట్ రన్ ట్రయిల్ అనే 11 మైళ్ల చుట్టుదారి ఉంది. అంతా నడవనక్కరలేదు, చేపపిల్లలను పెంచే ప్రభుత్వ కేంద్రం దగ్గర కారు ఆపి ఓ అరమైలు నడిస్తే చాలు. కొలనుల్లో ట్రౌట్ చేపలు కనిపిస్తాయి. ఆ చేరువలోనే గూడు కట్టుకున్న తెల్లతల గద్దలను కెమెరా ద్వారా ప్రపంచమంతా ఇంటర్నెట్‌లో చూసింది. గడ్డిలో, పొదల్లో తిరిగిన తరువాత కాళ్లు, మెడ వెనుక భాగం పరీక్షించుకోండి. అక్కడి అడవి పిడుదుల వలన లైమ్ అనే జబ్బు వస్తుంది.

మధ్యాహ్నం తరువాత, ఊరికి ఉత్తరంగా కొద్ది మైళ్ల దూరంలో ఉన్న సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ క్షేత్రానికి వెళ్లండి. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారికి మ్యూజియం తరువాత నేను చూపే చోటు ఇదే. డయాన్ ఆట్ వీలీ తాతగారు తన పెద్దలు బవేరియా నుంచి తెచ్చుకున్న ఒక పూలతీగ విత్తనాలను, ఒక టమాటా విత్తనాలను ఆమెకు ఇచ్చారు. వాటితో ఆమె, భర్త కెంట్ వీలీ 1975లో ఈ సంస్థను మొదలుపెట్టారు. 890 ఎకరాల ఈ క్షేత్రం ఇప్పుడు 20,000కు పైగా రకాల పాత విత్తనాలను కాపాడుతోంది. వలసదారులు చీర కొంగులో ముడివేసినట్టు అంగీ అంచుల్లో కుట్టుకొని, టోపీ పట్టీల్లో దాచుకొని తెచ్చిన విత్తనాల కథలు అక్కడ వింటారు. మా ఊరి మెట్ట పొలాల్లో ఒకప్పుడు పండిన గంటెలు, చోళ్ల రకాల్లో ఎన్నింటి పేర్లు మనకు గుర్తున్నాయో అక్కడ నిలబడి లెక్కపెట్టాను, చేతివేళ్లు సరిపోయాయి.

అక్కడ అమ్మే విత్తనాల పొట్లాలు పిల్లల పెరటి కోసం కొనండి. మన ఊరికి మాత్రం తేవద్దు. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు దేశంలోకి తీసుకురావడం చట్టవిరుద్ధం. ఇక్కడి నుంచి ఆనప గింజలో, బెండ గింజలో సంచిలో వేసుకొని వెళ్లడమూ అంతే తప్పు. అమెరికా విమానాశ్రయంలో పట్టుకుంటే జరిమానా పడుతుంది.

ఇంకో పూట మిగిలితే నైరుతి దిశలో సుమారు 12 మైళ్ల దూరంలో ఉన్న స్పిల్‌విల్ చూడవచ్చు. అది చెక్ వలసదారుల ఊరు. సంగీతకర్త డ్వొరాక్ 1893 వేసవిని అక్కడ గడిపారు. ఆయన బస చేసిన భవనంలోనే బిలీ అన్నదమ్ములు చెక్కిన గడియారాల ప్రదర్శన ఉంది. రైతులైన ఆ ఇద్దరూ చలికాలాల్లో చెక్కినవే అన్నీ, ఒక్కటీ అమ్మలేదు.

జ్ఞాపికగా ఏదైనా కొనదలచుకుంటే బొమ్మల కన్నా రోజెట్ అచ్చు మేలు. వాటర్ స్ట్రీట్ దుకాణాల్లో అడగండి. దానిని చేతిసంచిలో కాకుండా విమానంలో వేసే పెద్ద సూట్‌కేసులోనే పెట్టాలి. పొడవాటి ఇనప కాడ భద్రతా తనిఖీలో అనుమానానికి తావిస్తుంది. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే మొదలుపెట్టండి. సందెవేళ 52వ రహదారి మీదికి లేళ్లు అకస్మాత్తుగా దూకుతాయి. ఒకటి దాటింది కదా అని వేగం పెంచవద్దు, సాధారణంగా దాని వెనుక ఇంకొకటి ఉంటుంది.